అమెరికా కాలేజీ సాకర్ కోచ్ ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫుట్‌బాల్ (అమెరికాలో దీన్నే సాకర్ అంటారు) ఆడుకుంటూ పెరిగి ఆ ఆటతోనే బతుకుదామనుకునే కుర్రాళ్లు, అమెరికాలో శని ఆదివారాలు పిల్లల్ని క్లబ్ మ్యాచ్‌ల చుట్టూ తిప్పే తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి అవదు. ముందే ఒక మాట: ఈ ఉద్యోగంలో గడ్డి మీద నిలబడే సమయం కన్నా ఫోన్ పట్టుకుని కూర్చునే సమయమే ఎక్కువ. ఆ సంగతి తెలిశాక కూడా మోజు తగ్గకపోతే మిగతాది చదవండి.

కాలేజీ సాకర్ కోచ్ అంటే మన పీడీ సార్ లాంటివారేనా?

కాదు. మన కాలేజీల్లో ఒక్క పీడీ సారే కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ అన్నీ చూసుకోవాలి. ఆగస్టు 15 పరేడ్ కూడా ఆయన నెత్తినే పడుతుంది. అక్కడ సాకర్ కోచ్‌కి సాకర్ ఒక్కటే పని. అదీ ఎక్కువ చోట్ల పురుషుల జట్టుకొకరు, మహిళల జట్టుకొకరు. పెద్ద యూనివర్సిటీ అయితే హెడ్ కోచ్ కింద ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్లు, గోల్‌కీపర్లని చూసుకునేందుకు ఒకరు, దెబ్బలు చూడ్డానికి అథ్లెటిక్ ట్రైనర్ ఉంటారు. పైన అథ్లెటిక్ డైరెక్టర్ ఉంటారు, జవాబు చెప్పుకోవాల్సింది ఆయనకే.

అసలు తేడా ఇంకోటి ఉంది. మన దగ్గర పీడీ పోస్టు పర్మనెంట్ అయితే రిటైరయ్యేదాకా ఢోకా లేదు. అక్కడ కాంట్రాక్టు మూడేళ్లకో ఐదేళ్లకో రాస్తారు, వరసగా రెండు సీజన్లు ఓడితే మాట మారిపోతుంది.

డివిజన్ వన్, టూ, త్రీ అంటారు. వాటిలో తేడా ఏమిటి?

అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ కాలేజీలని మూడు డివిజన్లుగా విడగొట్టింది. డివిజన్ వన్‌లో డబ్బు, టీవీ, ఒత్తిడి ఎక్కువ. డివిజన్ టూలో స్కాలర్‌షిప్‌లు ఉంటాయి కానీ తక్కువ. డివిజన్ త్రీలో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వడమే నిషిద్ధం. వీటికి బయట ఎన్‌ఏఐఏ అనే వేరే సంస్థ, రెండేళ్ల జూనియర్ కాలేజీల కోసం ఎన్‌జేసీఏఏ ఉన్నాయి.

మన వాళ్లు డివిజన్ త్రీ అనగానే మూడో తరగతి అనుకుంటారు. పెన్సిల్వేనియాలోని మెస్సయ్య కాలేజీ పురుషుల జట్టు 2000 నుంచి 2017 లోపు 11 సార్లు డివిజన్ త్రీ జాతీయ ఛాంపియన్ అయింది. అలాంటి జట్టుని నడపడం చిన్న పనేం కాదు. నన్నడిగితే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పని నేర్చుకోవడానికి డివిజన్ త్రీయే మంచిది. అక్కడ మనుషులు తక్కువ కాబట్టి బస్ బుక్ చేయడం నుంచి సెట్ పీస్‌లు (ఫ్రీకిక్, కార్నర్‌లకి వేసే పథకాలు) గీయడం దాకా అన్నీ చేతికొస్తాయి.

ఏడాది ఎలా గడుస్తుంది?

ఆగస్టు మొదట్లో ప్రీ-సీజన్. ఆగస్టు చివరి నుంచి మ్యాచ్‌లు. నవంబర్ మొదట్లో కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) టోర్నీ, తర్వాత జాతీయ టోర్నీ. డివిజన్ వన్‌లో పురుషులకి 48 జట్లు, మహిళలకి 64. డిసెంబర్‌లో కాలేజ్ కప్‌తో, అంటే ఆ టోర్నీ సెమీస్, ఫైనల్‌తో ముగింపు. అంటే లీగ్ మొత్తాన్ని మూడు నెలల్లోకి కుదించి, వారానికి రెండేసి మ్యాచ్‌లు ఆడిస్తారు. శుక్రవారం మ్యాచ్, ఆదివారం ఇంకోటి, మధ్యలో శనివారం బస్‌లో. కాళ్లు పట్టేసిన పిల్లలతో కొత్త ఎత్తుగడలు నేర్పడానికి వీలెక్కడ? సీజన్‌ని శరత్కాలానికీ వసంతానికీ పంచాలని మేరీల్యాండ్ కోచ్ సాషో చిరోవ్‌స్కీ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడుతున్నది ఇందుకే.

పైగా గంటల లెక్క ఒకటుంది. సీజన్‌లో జట్టుతో చేయించే పని వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు దాటకూడదు. వారంలో ఒక రోజు పూర్తి సెలవు. సీజన్ కాని రోజుల్లో వారానికి 8 గంటలే.

మరి మిగతా గంటలన్నీ కోచ్ ఏం చేస్తారు?

రిక్రూటింగ్. ఈ ఉద్యోగానికి వెన్నెముక అదే.

కాలేజీ జట్టు ప్రతి ఏడూ పావు వంతు ఖాళీ అవుతుంది, ఎందుకంటే నాలుగో ఏడు పిల్లలు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు. క్లబ్ అయితే డబ్బు పెట్టి ఆటగాణ్ని కొనుక్కుంటుంది. కాలేజీ కోచ్ మాత్రం పదహారేళ్ల పిల్లవాణ్ని, వాళ్లమ్మానాన్నని ఒప్పించి తెచ్చుకోవాలి. డివిజన్ వన్ కోచ్ ఆ పిల్లవాడితో నేరుగా మాట్లాడ్డానికి రూల్ ప్రకారం పదో తరగతి అయ్యాక జూన్ 15 దాకా ఆగాలి. ఆ రోజు అర్ధరాత్రి దాటగానే దేశమంతా మెసేజ్‌లు పోటెత్తుతాయి. క్యాంపస్‌కి కాలేజీ ఖర్చుతో పిలవాలంటే మళ్లీ ఆగస్టు 1 దాకా ఆగాలి.

కాలేజీ కోచ్‌ల కంట పడేందుకు క్లబ్ జట్లు ఆడే షోకేస్ టోర్నీలకి వెళ్తే ఈ పని కళ్లారా చూడొచ్చు. పక్కపక్కనే పది పన్నెండు మైదానాలు, గీత పక్కన మడత కుర్చీల్లో వరసగా కోచ్‌లు, ఒక్కొక్కరి టీషర్ట్ మీద ఒక్కో యూనివర్సిటీ గుర్తు. ఒళ్లో జెర్సీ నంబర్ల కాగితం. బంతి ఎటుంటే అటు చూసేది తల్లిదండ్రులు. కోచ్ చూసేది బంతి లేని చోట: ఎడమ బ్యాక్ తన వైపు ఆట లేనప్పుడు మెడ తిప్పి వెనక ఎవరున్నారో చూసుకుంటున్నాడా, పాస్ తప్పాక ఎన్ని అడుగులు వెనక్కి పరిగెత్తాడు. సబ్‌స్టిట్యూట్ చేసి కూర్చోబెట్టినప్పుడు నీళ్ల బాటిల్ విసిరికొట్టాడా, పక్కవాడికి అందించాడా అన్నది కూడా కాగితం మీదకి ఎక్కుతుంది. అరగంట చూసి ఇంకో మైదానానికి లేచిపోతారు. ఇలాంటి వారాంతాలు ఏడాది పొడుగునా ఉంటాయి, హోటల్ గదుల్లో.

ఇప్పుడు దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్. 2018లో మొదలైంది. కాలేజీ మారాలనుకున్న ఆటగాడు అందులో పేరు నమోదు చేస్తే చాలు, మిగతా కాలేజీల వాళ్లు ఫోన్ చేయొచ్చు. ఒకప్పుడు మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. ఆ నిబంధన క్రమంగా సడలి, 2024కల్లా చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారే వీలొచ్చింది. కోచ్ ఇప్పుడు బయటివాళ్లనే కాదు, తన జట్టులో వాళ్లని కూడా ప్రతి డిసెంబర్‌లో మళ్లీ రిక్రూట్ చేసుకోవాలి.

స్కాలర్‌షిప్ అంటే ఫీజు మొత్తం మాఫీయేనా?

సాకర్‌లో అలా దొరికేది చాలా కొద్దిమందికి. చాలా ఏళ్లు డివిజన్ వన్ పురుషుల జట్టుకి 9.9 స్కాలర్‌షిప్‌లు, మహిళలకి 14 అని పరిమితి ఉండేది. తొమ్మిది పాయింట్ తొమ్మిదిని ఇరవై ఎనిమిది మందికి పంచాలి. ఒకరికి సగం, ఒకరికి పావు, ఒకరికి పుస్తకాల ఖర్చు. అందుకే ఈ ఉద్యోగంలో కాలిక్యులేటర్ పట్టని కోచ్ ఉండరు.

ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ అనే రాజీతో లెక్క మారింది. దానికి ఒప్పుకున్న కాలేజీలకి స్కాలర్‌షిప్ పరిమితి పోయి, జట్టులో 28 మందికి మించకూడదన్న పరిమితి వచ్చింది. కాగితం మీద 28 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. కానీ ఆ డబ్బు ఎక్కడ్నుంచి రావాలి? ఆ రాజీ ప్రకారం కాలేజీలు ఆటగాళ్లతో నేరుగా పంచుకునే ఆదాయంలో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ పోతోంది. సాకర్ కోచ్‌కి దక్కింది ప్రధానంగా 28 అనే అంకె. ముప్పై మందికి పైగా ఉన్న జట్లలో కొందరు పిల్లల్ని పిలిచి చోటు లేదని చెప్పాల్సిన పని కూడా ఆయనదే.

అందరూ ఆన్సన్ డోరెన్స్ పేరే చెబుతారు. అంత గొప్పేమిటి?

నార్త్ కరోలినా యూనివర్సిటీ మహిళల జట్టు మాజీ కోచ్. మన వాళ్లు ఆసక్తిగా వినే సంగతేమిటంటే ఆయన పుట్టింది బొంబాయిలో, 1951లో. తండ్రి చమురు కంపెనీ ఉద్యోగి కావడంతో బాల్యమంతా ఆఫ్రికా, ఆసియా, యూరప్ దేశాల్లో గడిచింది. నార్త్ కరోలినాలో ఆడి, లా చదువుతూ మధ్యలో వదిలేసి కోచింగ్‌లోకి వచ్చారు. 1977లో పురుషుల జట్టు అందుకున్నారు. 1979లో మహిళల జట్టు కొత్తగా పెడితే అదీ ఆయనకే ఇచ్చారు. దాదాపు పదేళ్లు రెండు జట్లనీ ఆయనే నడిపారు.

మహిళలకి ఎన్‌సీఏఏ సాకర్ టోర్నీ 1982లో మొదలైంది. అప్పటి నుంచి 2012 దాకా ఆయన జట్టు 21 టైటిళ్లు గెలిచింది. 1986 నుంచి 1994 వరకు వరసగా తొమ్మిది. దాంతోపాటే అమెరికా మహిళల జాతీయ జట్టుకి కోచ్‌గా ఉండి 1991లో చైనాలో జరిగిన మొదటి ప్రపంచ కప్ గెలిపించారు. మియా హామ్, క్రిస్టీన్ లిల్లీ ఆయన దగ్గర ఆడినవాళ్లే.

పద్ధతి గురించి చెప్పాలి. అదే యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ ప్రాక్టీస్‌లో ప్రతిదీ రాయించడం చూసి, డోరెన్స్ దాన్ని సాకర్‌లోకి తెచ్చారు. వార్మప్ అయ్యాక ఇద్దరిద్దరు చొప్పున చిన్న చిన్న పోటీలు: బంతి దగ్గర పెట్టుకుని ఎదుటి మనిషిని దాటాలి. పక్కన మేనేజర్లు నిలబడి ఎవరు ఎవరిని గెలిచారో రాసుకుంటారు. పరుగు, హెడర్లు, షాట్లు అన్నిటికీ మార్కులు. ఆ ర్యాంకుల పట్టిక అందరికీ కనబడేలా గోడ మీద అంటిస్తారు. ఎవరిని ఎందుకు ఆడించలేదన్న వాదనకి తావుండదు, వెళ్లి గోడ చూసుకోమనడమే. మన ఇంటర్ కాలేజీల ర్యాంకుల బోర్డు గుర్తొచ్చి కొందరికి ఒళ్లు జలదరించవచ్చు. నాకూ అది అందరికీ నప్పే పద్ధతి అనిపించదు. కానీ ఒకటి గమనించాలి: అంత లెక్క రాసే మనిషే, ఒక పొద్దున కారులో వెళ్తూ పార్కులో ఒంటరిగా స్ప్రింట్లు తీస్తున్న మియా హామ్‌ని చూసి, ఆమెని మెచ్చుకుంటూ ఉత్తరం ముక్క రాసి పంపారు. కొలిచినదాని కన్నా ఆ ఉత్తరమే ఎక్కువ పని చేసిందని నా అనుమానం.

2024 ఆగస్టులో, సీజన్ మొదలవబోతుండగా రిటైరయ్యారు. తాత్కాలిక కోచ్‌గా వచ్చిన డేమన్ నహాస్ చేతుల మీదుగా అదే ఏడాది జట్టు 22వ ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచింది.

అంతా మంచేనా? కోచ్‌ల మీద ఆరోపణలు కూడా వింటుంటాం.

ఉన్నాయి. డోరెన్స్ మీదే 1998లో ఇద్దరు మాజీ ఆటగాళ్లు లైంగిక వేధింపుల దావా వేశారు. ఆయన ఆ ఆరోపణలని ఒప్పుకోలేదు. చివరికి 2008లో దావా రాజీతో ముగిసింది. పద్దెనిమిదేళ్ల పిల్లల ఆడే సమయం, స్కాలర్‌షిప్, భవిష్యత్తు మీద ఒకే మనిషికి అధికారం ఉన్నప్పుడు మాట తీరు కూడా పెద్ద విషయమే.

ఇక డబ్బు. 2019లో ఎఫ్‌బీఐ బయటపెట్టిన అడ్మిషన్ల కుంభకోణంలో సాకర్ కోచ్‌లు కూడా దొరికారు. సాకర్ సరిగా ఆడని సంపన్నుల పిల్లల్ని రిక్రూట్లుగా చూపించి సీటు ఇప్పించడం, దానికి లంచం తీసుకోవడం. యేల్ మహిళల జట్టు మాజీ కోచ్‌కి ఐదు నెలలు, యూసీఎల్‌ఏ పురుషుల జట్టు మాజీ కోచ్‌కి ఎనిమిది నెలలు జైలు శిక్ష పడింది. ఎవరైనా ఏజెంట్ మీ దగ్గరికొచ్చి కోచ్ తనకి బాగా తెలుసు, సీటు గ్యారంటీ అంటే అక్కడికక్కడే లేచి వచ్చేయండి.

మహిళల జట్లే ఎక్కువ అంటారు, నిజమేనా?

నిజమే. డివిజన్ వన్‌లో పురుషుల జట్లు రెండు వందల పైచిలుకు ఉంటే మహిళల జట్లు మూడు వందలకు బాగా పైన. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం ఆడపిల్లలకి ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాలి. వందమందికి పైగా మగపిల్లలుండే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి సరితూగాలంటే కాలేజీలకి మహిళల సాకర్ అందివచ్చింది. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి ఇది ముఖ్యమైన లెక్క: ఖాళీలు అటువైపే ఎక్కువ.

అయితే ఆ మహిళల జట్లకి హెడ్ కోచ్‌లుగా చాలా చోట్ల మగవాళ్లే కనిపిస్తారు. పురుషుల జట్టుకి మహిళ హెడ్ కోచ్ కావడం మాత్రం అరుదు. 2022లో జూలియాన్ సిచ్ షికాగో యూనివర్సిటీ పురుషుల జట్టుకి హెడ్ కోచ్‌గా వచ్చిన మొదటి సీజన్‌లోనే ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా డివిజన్ త్రీ టైటిల్ గెలిపించారు. పురుషుల సాకర్‌లో ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచిన మొదటి మహిళా కోచ్ ఆమే.

జీతం ఎంత?

పెద్ద కాన్ఫరెన్స్‌లో హెడ్ కోచ్‌కి లక్ష డాలర్లు దాటొచ్చు, కొందరికి దానికి బాగా పైన. కిందికి వెళ్లేకొద్దీ బక్కచిక్కుతుంది. అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కలో 2023లో కోచ్‌లు, స్కౌట్‌లు అందరికీ కలిపి మధ్యస్థ వార్షిక ఆదాయం 45 వేల డాలర్ల చిల్లర. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల జీతాలతో పోల్చుకుంటే నిద్ర పట్టదు, పోల్చకండి. చాలామంది అసిస్టెంట్లు సాయంత్రాలు క్లబ్ జట్లకి కోచింగ్ ఇచ్చి, వేసవిలో క్యాంపులు నడిపి నెట్టుకొస్తారు. ప్రభుత్వ యూనివర్సిటీల కాంట్రాక్టులు పబ్లిక్ రికార్డే కాబట్టి ఫలానా చోట ఎంత ఇస్తారో చాలాసార్లు వెతికితే దొరుకుతుంది.

ప్రొఫెషనల్‌గా ఆడి ఉండాలా?

అక్కర్లేదు. కాలేజీలో ఆడి ఉండటం మాత్రం దాదాపు అందరిలో కనిపిస్తుంది. ఆట అయిపోగానే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరడం పాత దారి: కోచింగ్‌లో సాయం చేస్తే ఫీజు తగ్గించి, చేతి ఖర్చుకి కాస్త స్టైపెండ్ ఇచ్చి మాస్టర్స్ చదివిస్తారు. తర్వాత అసిస్టెంట్, ఆ తర్వాత అదృష్టం. ఒకప్పుడు జీతం లేని వాలంటీర్ అసిస్టెంట్ పోస్టులుండేవి, డివిజన్ వన్‌లో 2023లో వాటిని తీసేశారు.

లైసెన్సుల విషయానికొస్తే యూఎస్ సాకర్ గ్రాస్‌రూట్స్ నుంచి డి, సి, బి, ఎ, ప్రో దాకా మెట్లు పెట్టింది. మంచి పోస్టులకి బి గానీ ఎ గానీ ఉంటే బాగుంటుందని ప్రకటనల్లో రాస్తారు. యునైటెడ్ సాకర్ కోచెస్ సంఘం ప్రతి జనవరిలో పెట్టే సదస్సు పైకి సెమినార్లు, లోపల ఉద్యోగాల సంత. హోటల్ లాబీలో కాఫీ తాగుతూ కుదిరిన ఉద్యోగాలే ఎక్కువ.

ఇక్కడి నుంచి ప్రొఫెషనల్ జట్లకి వెళ్లొచ్చా?

వెళ్లినవాళ్లున్నారు. బ్రూస్ అరీనా వర్జీనియాలో ఐదు టైటిళ్లు గెలిచి 1996లో డీసీ యునైటెడ్ అనే ప్రొఫెషనల్ క్లబ్బుకి, అక్కడి నుంచి జాతీయ జట్టుకి వెళ్లి 2002 ప్రపంచ కప్‌లో క్వార్టర్ ఫైనల్ చేర్చారు. ఒకప్పుడు ప్రిన్స్‌టన్‌లో కోచ్‌గా ఉన్న బాబ్ బ్రాడ్లీ 2016లో స్వాన్సీ సిటీకి వెళ్లి ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో మొదటి అమెరికన్ మేనేజర్ అయ్యారు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎంఎల్‌ఎస్ కొత్తగా పుట్టిన రోజుల్లో దేశంలో అనుభవమున్న కోచ్‌లంటే కాలేజీవాళ్లే, అందుకే అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు క్లబ్బులకి సొంత అకాడమీలున్నాయి. దారి మూసుకుపోలేదు గానీ సన్నబడింది.

వెళ్లనివాళ్లని తక్కువగా చూడక్కర్లేదు. జెర్రీ యేగ్లీ 1963లో ఇండియానా యూనివర్సిటీలో క్లబ్ స్థాయి జట్టుని చేతిలోకి తీసుకున్నారు. దానికి వర్సిటీ (యూనివర్సిటీ అధికారిక జట్టు) హోదా తేవడానికే పదేళ్లు పట్టింది. తర్వాత ఆరు టైటిళ్లు, చివరిది 2003లో, ఆ విజయంతోనే రిటైర్మెంట్. కొడుకు టాడ్ అదే జట్టుకి కోచ్‌గా వచ్చి 2012లో గెలిపించారు.

ఆట నియమాలు ఒకటేనా?

కొన్ని వేరు. సబ్‌స్టిట్యూషన్‌లో బయటికెళ్లిన ఆటగాడు పరిమితంగా మళ్లీ లోపలికి రావొచ్చు. దానివల్ల బెంచి మీది వాళ్లని తిప్పి తిప్పి వాడే కోచింగ్ పుట్టింది, యూరప్ లీగ్‌లు చూసి పెరిగినవాళ్లకి చిరాకు కూడా పుట్టింది. 2022 నుంచి లీగ్ మ్యాచ్‌ల్లో అదనపు సమయం లేదు, డ్రా అయితే డ్రాయే.

ఇండియాలో చేసిన కోచింగ్ కోర్సు అక్కడ పనికొస్తుందా?

మన ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ ద్వారా చేసే ఏఎఫ్‌సీ (ఆసియా సమాఖ్య) సి, బి, ఎ లైసెన్సులు రెజ్యూమేలో బరువుంటాయి. బీపీఎడ్, ఎంపీఎడ్, పటియాలా ఎన్‌ఐఎస్ డిప్లొమా మన పీడీ పోస్టులకి ఉపయోగపడతాయి, అక్కడ ఆ పేర్లు చాలామందికి తెలియవు, ఒక వాక్యంలో వివరించాలి.

చదువుల లోకం నుంచి కోచింగ్‌కి రావడం మాత్రం మనకి కొత్త కాదు. 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చిన, 1956 ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానంలో నిలిపిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉస్మానియాలో చదివి, హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పిన మాస్టారే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది ఆయన కోచింగ్‌లోనే.

వీసా సంగతి?

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వెళ్లినవాళ్లకి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పని సరిపోతుంది, సెమిస్టర్‌లో వారానికి 20 గంటల క్యాంపస్ ఉద్యోగానికి వీలుంది. చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి ఏడాదే. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ లాంటి డిగ్రీలకి సాధారణంగా స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీలకిచ్చే) పొడిగింపు దొరకదు. యూనివర్సిటీలకి హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ బెడద లేదు, అది పెద్ద ఊరట. కానీ నలభై వేల డాలర్ల అసిస్టెంట్ కోసం లాయర్ ఖర్చు పెట్టడానికి చాలా చోట్ల వెనకాడతారు. దేశం బయటి నుంచి వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి 2025 సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక ఇండియాలో కూర్చుని నేరుగా ఈ ఉద్యోగం తెచ్చుకోవడం ఇంకా కష్టమైంది. చదువు మీద వెళ్లి, అక్కడే ఉండి వెతుక్కోవడమే ఆచరణలో ఉన్న దారి.

మా అమ్మాయి అక్కడ హైస్కూల్లో ఆడుతోంది. కోచ్‌కి నేను మెయిల్ రాయొచ్చా?

వద్దు, అమ్మాయిచేత రాయించండి. తల్లిదండ్రుల నుంచి మెయిల్ వస్తే కోచ్‌లు ఆ పిల్ల సొంతంగా ఏం చేయగలదో అని అనుమానపడతారు. సబ్జెక్ట్‌లో హైస్కూల్ పూర్తయ్యే ఏడాది, ఆడే స్థానం, క్లబ్ పేరు. లోపల నాలుగైదు వాక్యాలు, మార్కులు, రాబోయే టోర్నీలో ఏ మైదానంలో ఎన్ని గంటలకి ఆడుతుందో, జెర్సీ నంబర్ ఎంతో. వీడియో మూడు నాలుగు నిమిషాలు చాలు, మొదటి అరనిమిషంలోనే మంచి ముక్కలు పెట్టండి, పాటలు జోడించొద్దు. పది కాలేజీలకి ఒకే మెయిల్ పంపేటప్పుడు పైన కోచ్ పేరు మార్చారో లేదో మాత్రం రెండుసార్లు చూసుకోమనండి.